పదకొండుమంది గంటయ్యలు

రోజు 1098, గురువారం

ఈ పుస్తకం చేత్తో రాస్తున్నాను. కంప్యూటర్లో రాస్తే అందులోని సారథి దీన్ని ఎక్కడ సర్దేస్తుందో, దేనితో కలిపేస్తుందో తెలీదు. నిన్నటి దాకా నాకు ఈ అనుమానం లేదు.

నా పేరు సైకం భూలక్ష్మి. సముద్రం లంకల్ని మింగేశాక మమ్మల్నందర్నీ తెచ్చి ఈ కొండ మీద దింపి నేటికి వెయ్యిన్ని తొంభై ఎనిమిది రోజులు. ఈ చోటికి ఇంకా పేరు పెట్టలేదు. అందరం మెరక అంటాం. నేను రికార్డు గది చూస్తాను. అరవై రెండు ఊళ్ళ ఫారాలు, ఫోటోలు, గొంతులు అన్నీ ఒక్క కంప్యూటర్లో ఉన్నాయి. పొద్దున పదింటికి కరెంటు వస్తుంది, మూడింటికి పోతుంది. ఆ అయిదు గంటలే నా ఉద్యోగం. మిగతా సమయంలో అందరిలాగే నాకూ మంచు వలల దగ్గర నీళ్ళ వంతు ఉంటుంది. ఒకప్పుడు చేపలు పట్టిన వలల్నే వాలు మీద గుంజలకి కట్టి, తెల్లారుజామున దిగే మంచుని పట్టి తొట్లలోకి దించుతాం. ఇక్కడ తాగేది ఆ నీళ్ళే.

ప్రతి గురువారం పదకొండింటికి నాగిడి గంటయ్య బాబాయ్ గదికి వస్తాడు. ఉప్పులంక మనిషి, డెబ్బై దాటాయి. బస్సు దిగిన రోజున ప్రతి కుటుంబం దగ్గరా ఫారం నింపించి, మీ ఇల్లు ఎలా ఉండేదో చెప్పమని గొంతు రికార్డు చేశాం. వాళ్ళింటి గురించి ఆయన భార్య చెప్పింది, నాలుగు నిమిషాలు. రెండో ఏట ఆవిడ జ్వరంతో పోయింది. అప్పట్నుంచీ ఆయన వారానికోసారి వచ్చి, చెప్పులు బయట విడిచి, బల్ల మీద కూర్చుని, ఆ నాలుగు నిమిషాలూ విని వెళ్ళిపోతాడు. నాతో వాతావరణం గురించి కూడా మాట్లాడడు.

ఇవాళ ఆయన పేరు కొట్టాను. ఒక ఫైలు వచ్చింది. నొక్కాను. ఎవరో ఆడమనిషి వాకిట్లో కొబ్బరిచెట్ల గురించి చెప్పడం మొదలుపెట్టింది. గంటయ్య బాబాయ్ అర నిమిషం విని చెయ్యెత్తాడు.

"అమ్మాయ్, ఇది మా ఆవిడ గొంతు కాదు."

మళ్ళీ వెతికాను. ఉప్పులంకలో నాగిడి గంటయ్య ఒక్కడే ఉన్నాడంటుంది సారథి. నాకు తెలిసి పదకొండుమంది ఉన్నారు. ఉప్పులంకలో తాత పేరే మనవడికి పెడతారు, అన్నదమ్ములంతా ఒకే తాత పేరు పెడతారు. బాబాయ్ కాసేపు తెర వంక చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వచ్చే గురువారానికి వెతికి పెడతానని ఆయన వీపుకి చెప్పాను.

రోజు 1099

సారథి అంటే ఈ కంప్యూటర్లో ఫైళ్ళు చూపించే ప్రోగ్రాం. ఫైల్ మేనేజర్. మా పునరావాసం చూసే మండలి పెట్టింది. మొదట్లో బాగానే ఉండేది: ఫోల్డర్ని మేం అర అంటాం, అర అడిగితే అర చూపించేది, ఫైలు అడిగితే ఫైలు తీసేది. సోమవారం దానికి కొత్త తెలివి వచ్చింది. బయటి నుంచి కంప్యూటర్లోకి వచ్చే టపాలో దిగి తనంతట తానే ఎక్కి కూర్చుంది. ఇప్పుడు అరలు లేవు. "మీకు కావలసినవి" అని ఒక పేజీ చూపిస్తుంది. నాకేం కావాలో దానికెవరు చెప్పారు? నేనైతే చెప్పలేదు.

ఉప్పులంక తెరిచాను. ముప్పై ఒక్క కుటుంబాలు చూపించింది. ఆ ఊరివాళ్ళు నూట పద్దెనిమిది కుటుంబాలు. నేనే ఎక్కించాను, నా వేళ్ళకి గుర్తుంది. మిగతా ఊళ్ళూ తెరిచి చూశాను, వాటి లెక్క సరిపోయింది.

సహాయం పేజీలన్నీ తిరగేస్తే పదమూడో పేజీలో దొరికింది. ఒకే పేరు మీద చివర అంకెతో ఉన్న ఫైళ్ళని సారథి నకళ్ళ కింద లెక్కేస్తుందట. అన్నిటిలోకీ పెద్దదాన్ని ఉంచి, మిగతావాటిని "విశ్రాంతి"కి పంపుతుందట. ఇరవై అయిదు రోజులు విశ్రాంతి తీసుకున్నాక వాటిని చెరిపేస్తుందట. సోమవారం నుంచి లెక్కేస్తే రోజు 1120.

ఆ అంకెలు పెట్టింది నేనే. నాగిడి గంటయ్య, నాగిడి గంటయ్య 2, నాగిడి గంటయ్య 3, అలా పదకొండు దాకా. ఆరోజు నలభై బస్సులు దిగాయి, మనుషులు ఎండలో నిలబడి ఉన్నారు, నాకు వేరే ఏదీ తట్టలేదు. కానీ అంకె పెట్టినంత మాత్రాన మనిషి నకలైపోతాడా? ఒక్కొక్కరికీ ఒక్కో ఇల్లు, ఒక్కో పడవ, ఒక్కో చావు. వాళ్ళందర్నీ ఒక మనిషి కింద మడిచేసి, తెర మీద "మీ స్థలం ఆదా అయింది" అని రాసింది. పక్కన ఒక పువ్వు బొమ్మ కూడా పెట్టింది.

రోజు 1100

శనివారాలు మండలి పరిశీలకుడు కమలాకర్ గారు వస్తారు. ముప్పై ఏళ్ళుంటాయి, మర్యాదస్తుడు, కూర్చోమంటే గానీ కూర్చోరు. ఈసారి ఊళ్ళ విచారణ తేదీ తెచ్చారు. రోజు 1118. వంద కుటుంబాలకి తక్కువ కాని ఊరికి మెరక మీద సొంత పేట, సొంత పేరు, సొంత వాలు ఇస్తారు. వంద దాటని ఊళ్ళవాళ్ళని ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ సర్దుతారు. ఉప్పులంకవాళ్ళు ఉత్తరపు వాలు మీద మూడేళ్ళుగా వలలు కట్టుకుని, రాళ్ళు ఏరుకుని బతుకుతున్నారు. ముప్పై ఒకటి అని రాస్తే ఆ వాలు పోతుంది. అన్న ఒక మూల, తమ్ముడు ఇంకో మూల పడతారు.

సారథి చేసిన పని చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. వేరే నకలు ఏదైనా మండలి దగ్గర ఉందా అంటే, మండలికి వెళ్ళేది కూడా సారథి చూపించిందేనన్నారు. జనం వివరాలు రెండు చోట్ల దాచకూడదని నిబంధనట. విశ్రాంతిని ఆపమంటే అది తన చేతిలో లేదన్నారు.

"తెర మీద కనిపించేదే రికార్డు, భూలక్ష్మి గారూ. నేను రాసుకోవాల్సింది అదే."

"తెర మీద లేనివాళ్ళు బయట నీళ్ళు మోస్తున్నారు. ఆ కిటికీలోంచి చూసి రాసుకోండి."

ఆయన కిటికీ వైపు చూశారు. పాపం, నిజంగానే చూశారు. తర్వాత, నా పని కోసం నేను ఏ ప్రోగ్రాం అయినా వాడుకోవచ్చని, లెక్క మాత్రం సారథి నుంచే రావాలని చెప్పి వెళ్ళిపోయారు. మర్యాదగా చెప్పేవాళ్ళ మీద అరవడం కుదరదు. అందుకని తొట్ల దగ్గరికెళ్ళి రెండు వంతుల నీళ్ళు నేనే తోడాను.

రోజు 1102

టపాలో ఉచితాల పెట్టె అని ఒకటి వస్తుంది. మెరకలాంటి చోట్ల ఉండేవాళ్ళు తీరిక వేళల్లో రాసిన ప్రోగ్రాములు అందులో ఉంటాయి, ఎవరైనా తీసుకోవచ్చు. సారథికి బదులు వాడుకునే ఫైల్ మేనేజర్లు నాలుగు కనిపించాయి. నాలుగూ దించుకున్నాను. ఒక్కొక్కటే చూస్తాను.

మొదటిది పలక. చిన్నది, నొక్కగానే తెరుచుకుంది. సారథి లేవడానికి నేను టీ తాగి వచ్చేంత సమయం పడుతుంది. పలకలో పువ్వుల్లేవు, సలహాల్లేవు. ఉన్నది ఉన్నట్టు చూపించింది. ఉప్పులంక అర పక్కనే విశ్రాంతి అనే అర, అందులో ఎనభై ఏడు ఫైళ్ళు. చూడగానే నాకు ఊపిరి ఆడింది. అందరూ ఉన్నారు.

కానీ పలక రాసినవాళ్ళెవరో తెలుగు చూసిన పాపాన పోలేదు. ఒత్తులన్నీ విడిపోయి పక్కన చుక్కల సున్నాలు వచ్చి కూర్చున్నాయి. గంటయ్యలో య కింది ఒత్తు ఒక చోట, గంట ఒక చోట. పోనీ చదువుకుందామన్నా, ఫైలు తెరవమంటే తను తెరవదు, సారథికి అప్పగిస్తుంది. సారథి మళ్ళీ ఆ కొబ్బరిచెట్ల ఆవిడనే తెస్తుంది. మూడు ఫైళ్ళు బయటికి లాగబోతే, పేరు పొడుగైందని మూడుసార్లూ బిగుసుకుపోయింది. చూడ్డానికి పనికొస్తుంది, చెయ్యడానికి పనికిరాదు. అయినా నిజం చెప్పింది గనక దాన్ని తీసెయ్యలేదు.

రోజు 1104

రంగవల్లి. దీని గురించి ఎంత తక్కువ రాస్తే అంత మంచిది, కానీ రాస్తాను. నిన్న ఎక్కించినప్పుడు ఎంత ముచ్చటేసిందో. తెలుగు అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఒక్కో అరకి ఒక్కో రంగు వేసుకోవచ్చు, ఫోటో తెరవకుండానే చిన్న బొమ్మ కనిపిస్తుంది, నాలుగు అరలు ఒకేసారి తెరిచి ఒకదాన్నుంచి ఇంకోదానికి గెంతచ్చు. ఇదే ఉంచుకుంటాననుకున్నాను.

ఇవాళ ఒక చీటీ చూపించింది. ఇకముందు కూడా ఉచితంగా వాడుకోవాలంటే నా ఫైళ్ళ పేర్లన్నీ దాని సొంతదారులకి పంపడానికి ఒప్పుకోవాలట. పేర్లే కదా, లోపలివి చూడం అని మెత్తగా రాశారు. మా పేర్లు తప్ప మా దగ్గర ఇంకేం మిగిలాయని? ఇళ్ళు పోయాయి, రేవులు పోయాయి, ఊరి పేరు కూడా పద్నాలుగు రోజుల్లో పోయేలా ఉంది. ఒప్పుకోను అని నొక్కితే, మళ్ళీ ఆలోచించుకోండి అంది. మూడుసార్లు అంది. తీసి పారేశాను. తీసేస్తున్నప్పుడు కూడా, మీరు వెళ్ళిపోతుంటే బాధగా ఉంది అని ఏడుపు బొమ్మ చూపించింది.

రోజు 1105, గురువారం

గంటయ్య బాబాయ్ వచ్చాడు. ఫైలు ఉందని, ఇంకా తెరవడం కుదరలేదని చెప్పాను. ఉందా అని ఒక్కమాట అడిగాడు. ఉందన్నాను. తల ఊపి, ఎప్పటిలాగే బల్ల మీద కూర్చుని, నాలుగు నిమిషాలు ఊరికే ఉండి వెళ్ళాడు.

రోజు 1107

జల్లెడ. దీన్ని చూస్తే ఎవరూ ముచ్చటపడరు. నల్ల తెర, తెల్ల అక్షరాలు, మౌసు పనిచెయ్యదు, అన్నీ మీటలే. గుర్తుండక మీటల జాబితా అరచేతి మీద రాసుకున్నాను. కానీ దీనికి వచ్చిన పని సారథికి రాదు. ఇది పేరు చూసి నకలు అనదు. లోపలికెళ్ళి ఒక్కొక్క అక్షరం, ఒక్కొక్క శబ్దం పోల్చి చూస్తుంది. ఉప్పులంకని దానికి అప్పగించి మంచు వలలు ఉతకడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి తెర మీద ఒకటే వాక్యం ఉంది: "118 ఫైళ్ళు. ఒక్క నకలూ లేదు."

ఆ వాక్యాన్ని కమలాకర్ గారి మొహాన కొట్టాలనిపించింది.

దీన్ని రాసినామెకి మధ్యాహ్నం టపాలో ఉత్తరం పెడితే గంటలో జవాబు వచ్చింది. పేరు హసీనా. ఉత్తరాన ఇంకో మెరక మీద విత్తనాల కొట్టులో పనిచేస్తుందట. అక్కడి సారథికి ఈ కొత్త తెలివి మాకంటే చాలా ముందే వచ్చిందట. రెండు వడ్ల రకాలకి ఒకే పేరు ఉంటే సారథి ఒకదాన్ని విశ్రాంతికి పంపేసిందట. గడువు అయిపోయాక గానీ వాళ్ళకి తెలీలేదట. ఆ కోపంతో మూడు నెలలు కూర్చుని జల్లెడ రాసింది. నా కోపానికి ఒక చెల్లెలు దొరికినట్టనిపించింది. జల్లెడతో ఫైళ్ళు కదపడం ఎలాగని అడిగితే, కదపలేవక్కా, కావాలనే అలా రాశాను, చూసేది చెయ్యి పెట్టకూడదు అని రాసింది. కదపడానికి జంటగది వాడమంది. బాణం ఎటు ఉందో రెండుసార్లు చూసుకోమని కూడా రాసింది.

గంటయ్య బాబాయ్ భార్య గొంతున్న ఫైలు, నాగిడి గంటయ్య 4, జల్లెడలో తెరుచుకుంది. మొదటి రెండు ముక్కలు విన్నాను. మా గుమ్మం కాలవ వైపు, అని మొదలుపెడుతుంది. అదే గొంతు. ఆపేశాను, అది నేను వినాల్సింది కాదు. అప్పుడే కబురు చేస్తే పది నిమిషాల్లో వచ్చేవాడు. గురువారం ఎలాగూ వస్తాడు కదా అనుకున్నాను.

రోజు 1109

జంటగది. తెర రెండుగా చీలి ఉంటుంది. ఎడమ గదిలో ఒక అర, కుడి గదిలో ఇంకో అర. ఇక్కడివి అక్కడికి పంపచ్చు, రెండింటినీ సమం చెయ్యచ్చు, వంద ఫైళ్ళ పేర్లు ఒక్క దెబ్బకి మార్చచ్చు. తెలుగు బాగా కనిపిస్తుంది. ఎవరి అనుమతీ అడగదు. నాలుగింటిలో మంచిది ఇదే.

ఎడమ గదిలో విశ్రాంతి పెట్టాను, ఎనభై ఏడు ఫైళ్ళు. కుడి గదిలో ఉప్పులంక, ముప్పై ఒకటి. మధ్యలో "సమం చేయి" అనే మీట, దాని మీద బాణం. అదే సమయానికి సారథి పైకి లేచి, మీరు వేరే ప్రోగ్రాం వాడుతున్నారు, అది సురక్షితం కాదు, అని చీటీ చూపించింది. నేను దాన్ని తిడుతూ మూశాను. మళ్ళీ లేచింది. మళ్ళీ మూశాను. తిడుతూనే మీట నొక్కాను.

బాణం ఎడమవైపు ఉంది. కుడి గదిలో ఉన్నవే ఎడమ గదిలో ఉండాలి, లేనివి పోవాలి అని దానర్థం. ఒక్కొక్క పేరూ ఎర్రబడి మాయమవుతుంటే అర్థమైంది. ఆపు అనే మీట ఎక్కడుందో కనిపించలేదు. బల్ల కిందికి దూరి వైరు పీకేశాను.

చిన్న ఫైళ్ళతో మొదలుపెడుతుందట. ఎన్ని పోయాయో తెలీదు.

సారథి మీద తోసెయ్యచ్చు. చీటీ లేవకపోతే చూసుకునేదాన్నే. హసీనా రెండుసార్లు చూసుకోమంది, నేను ఒక్కసారి కూడా చూడలేదు. వేలు నాది.

రోజు 1110

హసీనాని అడగాలంటే టపా కావాలి. టపా వచ్చేది ఈ కంప్యూటర్లోకే. పదింటికి వైరు పెట్టి, ఉత్తరం రాసి, జవాబు కోసం కూర్చున్నాను. ఆ జవాబులో మొదటి మాట: కంప్యూటర్ పెట్టకు అక్కా, పెట్టి ఉంటే వెంటనే తీసెయ్. చెరిపిన ఫైలు వెంటనే పోదట. దాని చోటులోకి ఇంకోటి వచ్చి పడేదాకా అలాగే ఉంటుందట. కంప్యూటర్ లేవగానే సారథి రోజూ ఒక నివేదిక రాసుకుంటుంది కదా, అది ఎక్కడ రాసిందో దేవుడికే తెలియాలి అంది.

పోయినవాటిని పైకి తీసే చిన్న ప్రోగ్రాం ఒకటి పంపింది. ఆసుపత్రి కంప్యూటర్ బతిమాలి తీసుకుని, నాదాని లోపలి డిస్కు విప్పి దానికి తగిలించి, మూడింటిదాకా కూర్చున్నాం, నేనూ అక్కడి కాంపౌండరూ. పోయినవి ఆరు. అయిదు చెక్కుచెదరకుండా తిరిగొచ్చాయి.

ఆరోది నాగిడి గంటయ్య 4. ఫారం, గొంతు, అన్నీ. దాని చోటులో సారథి నివేదిక ఉంది. తెరిచి చదివాను. "ఈరోజు అంతా చక్కగా ఉంది" అని రాసుంది.

రోజు 1112, గురువారం

పదకొండింటికి వచ్చాడు. చెప్పులు విడిచాడు. బల్ల మీద కూర్చోకముందే చెప్పేశాను. ఫైలు దొరికిందని, శనివారం నేను విన్నానని, సోమవారం నా చేత్తోనే పోయిందని. సారథి పేరు ఎత్తలేదు.

తిడతాడని చూశాను. తిడితే బాగుండును.

"శనివారం నన్ను ఎందుకు పిలవలేదు?" అన్నాడు.

చెప్పులు చేత్తో పట్టుకుని, వేసుకోకుండానే దిగి వెళ్ళిపోయాడు. రాళ్ళ దారి అది.

రోజు 1115

ఏడుస్తూ కూర్చుంటే రోజు 1120 ఆగదు. మిగతా ఎనభై ఆరుగుర్నీ బాణం మూడుసార్లు చూసుకుని జంటగదితో ఉప్పులంక అరలోకి తెచ్చాను. మర్నాటికి సారథి మళ్ళీ అందర్నీ విశ్రాంతికి పంపేసింది. పేరు ఒకటే, చివర అంకె, కాబట్టి నకలు. దానికి తెలిసింది అంతే.

అప్పుడు తట్టింది. దానికి పేరొక్కటే తెలుసు గనక పేర్లే మార్చాలి. పదకొండుమంది గంటయ్యలు ఉన్న ఊళ్ళో జనం ఒకర్నొకరు ఎలా పిలుచుకునేవాళ్ళు? అంకెలతో కాదు కదా.

ఉత్తరపు వాలు మీదికి వెళ్ళాను. రెండు రోజులు గుడిసె గుడిసెకీ తిరిగాను. రొయ్యల గంటయ్య, రేవు గంటయ్య, చెవిటి గంటయ్య, మిలట్రీ గంటయ్య. పోయినవాళ్ళ తరఫున కొడుకులు చెప్పారు. ఒకాయన్ని ఊరంతా పిల్లి గంటయ్య అంటారు. అది మాత్రం రాయొద్దని, మండలివాళ్ళు నవ్వుతారని ఆయన పట్టుబట్టాడు. వాళ్ళావిడ వల అల్లుతూ తల ఎత్తకుండానే, పిల్లి అని రాయకపోతే అది నువ్వేనని ఎవరికి తెలుస్తుంది అంది. రాసుకున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ.

గంటయ్య బాబాయ్ గుడిసె తలుపు వేసి ఉంది. లోపల ఉన్నాడని పక్కవాళ్ళు చెప్పారు. పిలవకుండానే పక్క గుడిసెకి వెళ్ళాను.

గదికి వచ్చి అందర్నీ మళ్ళీ ఉప్పులంక అరలోకి తెచ్చి, జంటగదిలో నూట పదిహేడు పేర్లూ మార్చాను. మర్నాడు పదింటికి సారథిని తెరిచి చూశాను. నూట పదిహేడు చూపించింది. అందరూ ఎప్పట్నుంచో అక్కడే ఉన్నట్టు, తనకేమీ తెలీనట్టు. దాన్ని జయించానన్న సంతోషం ఒక్క క్షణం కూడా నిలవలేదు. మనిషికి తిట్టుపేరు ఉంటే తప్ప మనిషని ఒప్పుకోని దాని ముందు మేం చేతులు కట్టుకుని నిలబడాలి, అదీ నా బాధ.

రోజు 1118

విచారణ. కమలాకర్ గారితోపాటు మండలి నుంచి ఇంకో ఇద్దరు వచ్చారు. ఉప్పులంక వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. వాలు మీది జనమంతా గది బయట ఎండలో కూర్చున్నారు. సారథి తెర మీద నూట పదిహేడు చూపించింది. పెద్దాయన ఒకరు పిల్లి గంటయ్య దగ్గర ఆగి కళ్ళజోడు సర్దుకున్నారు. నూరు దాటింది కాబట్టి ఉప్పులంక పేటగా నమోదు చేస్తున్నామన్నారు. బయట ఎవరో విని చెప్పినట్టున్నారు, చిన్నగా కలకలం పుట్టి ఆగింది.

నేను కూర్చోలేదు. ఇంకో కుటుంబం ఉందని చెప్పాను. నాగిడి గంటయ్య, ఒంటరి మనిషి, తెర మీద లేడు. తెర మీద లేకపోతే ఆయన్ని దక్షిణం వైపు ఖాళీ షెడ్డులోకి పంపుతారు. కమలాకర్ గారు పుస్తకం తిరగేసి, రికార్డు పోయిన కుటుంబాన్ని చేర్చే నిబంధన ఒకటి ఉందన్నారు. ఎవరి తప్పు వల్ల పోయిందో ఆ ఉద్యోగి రాసి సంతకం పెట్టాలట. గొంతు తగ్గించి, సాంకేతిక కారణం అని రాయచ్చు కదా అన్నారు. నా మంచికే అన్నారు.

నాకు ఆయన మీద మొదటిసారి నిజంగా కోపం వచ్చింది. మూడు వారాలుగా ఈ గదిలో జరిగిన ప్రతి తప్పుకీ అదే పేరు. ఎవరి వేలూ లేని తప్పులు. నేను నా పేరు, రోజు, సమయం, నొక్కిన మీట, బాణం ఎటు ఉందో అంతా రాశాను. కింద ఇంకో వాక్యం కూడా రాశాను: సారథి నూట పద్దెనిమిది కుటుంబాల్ని ముప్పై ఒకటి చేసింది, ఆ తప్పుకి ఎవరు సంతకం పెడతారో తెలియజేయగలరు. అది కొట్టెయ్యమన్నారు. కొట్టెయ్యలేదు. కాగితం అలాగే తీసుకున్నారు.

గంటయ్య బాబాయ్‌ని చేర్చారు. నూట పద్దెనిమిది. కొత్త ఫారం, కొత్త గొంతు నెలాఖరులోగా పెట్టాలన్నారు. అదే రోజున గది తాళాలు నేను అప్పగించాలన్నారు. అంటే ఇంకా పది రోజులు.

రోజు 1119, గురువారం

వస్తాడనుకోలేదు. ఫారం పట్టుకుని నేనే బయల్దేరబోతుంటే గుమ్మంలో కనిపించాడు. చెప్పులు విడిచి, బల్ల మీద కాకుండా, నా ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు. నేను చేసింది తప్పేనని, అది తను మర్చిపోడని, ఆ సంగతి నాకు ముందే తెలిసి ఉండాలని చెప్పాడు. తెలుసన్నాను.

"ఆ మిషన్ పెట్టు. అది చెప్పింది నేను చెబుతాను. డెబ్బైసార్లు విన్నాను."

పెట్టాను. మా గుమ్మం కాలవ వైపు, అని మొదలుపెట్టాడు. ఆవిడ మాటల్లోనే. మా ఆయన వల ఎక్కడ పడితే అక్కడ పారేస్తాడని, పొయ్యి దగ్గర నేల రోజూ అలికేదాన్నని, వరద వచ్చిన ఏడు గోడ మీద నీటి చార పడితే దాన్ని చెరపనివ్వలేదని. తన గురించి ఆవిడ ఆడిన ఎత్తిపొడుపులన్నీ తనే చెప్పుకున్నాడు, ఒక్కటీ వదల్లేదు. ఒకచోట ఆగి, ఇక్కడ దానికి దగ్గొచ్చింది అన్నాడు. దగ్గలేదు. ఆ దగ్గు ఉండాల్సినంతసేపు ఆగి మళ్ళీ అందుకున్నాడు. సరిగ్గా నాలుగు నిమిషాలు.

కొత్త ఫారం తీశాను. ఫైలుకి పేరు పెట్టాలి, గంటయ్య అంటే ఏ గంటయ్య అని రాయమంటావు బాబాయ్, నిన్ను ఊళ్ళో ఏమనేవాళ్ళు అని అడిగాను.

"నా పేరు ఎందుకు? మాట్లాడింది అది కదా. దాని పేరు పెట్టు. లంకమ్మ."

ఏడాదికి పైగా వారం వారం ఆ గొంతు తీసి వినిపించాను. ఆ పేరు వినడం ఇదే మొదటిసారి. ఫారం చూశాను. కుటుంబ పెద్ద అని ఒక గడి, దాని పక్కన పేరుకి చోటు. భార్య అని ఇంకో గడి, ఉందా లేదా అని టిక్కు పెట్టడానికి. అక్కడ పేరుకి చోటు లేదు. ఈ ఫారం సారథి రాయలేదు, మండలి రాసింది, నేను నింపాను. నూట పద్దెనిమిదిసార్లు నింపాను. ఒక్కసారీ అడగలేదు.

లంకమ్మ అని టైపు చేశాను. ఉప్పులంక మొత్తంలో ఆ పేరుతో ఇంకో ఫైలు లేదు. సారథి కిక్కురుమనలేదు.

ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. తాళాలు అప్పగించడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. జంటగది తెరిచే ఉంచాను. రేపు పొద్దున నీళ్ళ వంతు అవగానే ఉత్తరపు వాలెక్కి, పిల్లి గంటయ్య ఇంటి దగ్గర మొదలుపెడతాను. వల అల్లుతున్న ఆవిడ పేరేమిటో అడగాలి.